చెవిపోటు: లాగితేనా, నమిలితేనా, మింగితేనా?

(కావలిలో ఒక ఆదివారం సాయంత్రం, ఒంగోలులో ప్రాక్టీసు చేసే ఈఎన్‌టీ డాక్టరు ఒకరు చేసిన ప్రసంగం ఇది. ఫోన్ రికార్డింగు విని రాశాను. మాట తీరు మార్చలేదు, కరెంటు పోయి మైకు ఆగిన చోట మాత్రం కొంచెం పోయింది.)

అందరికీ నమస్కారం. నన్ను పిలిచినవాళ్ళు వినికిడి లోపం గురించి చెప్పమన్నారు. నేనే వద్దన్నాను. ఎందుకంటే వినపడకపోతే మనవాళ్ళు పదేళ్ళయినా డాక్టరు దగ్గరికి రారు, టీవీ సౌండు పెంచుకుంటారు, కోడలు మెల్లగా మాట్లాడుతోందని అలుగుతారు, అంతేగానీ రారు. చెవిపోటు అట్టా కాదు, రాత్రి రెండు గంటలకి మొదలైతే తెల్లారేదాకా ఇల్లంతా మేలుకునే ఉంటుంది. ఆ తెల్లారేలోపు చెవిలో ఏమేం పోస్తారో నాకు తెలుసు. పొద్దున వచ్చాక ముందు అదంతా కడిగితే గానీ నాకు లోపల ఏముందో కనపడదు. బంతాకు రసం, వామాకు రసం, ఆముదం, చంటిపిల్లలకైతే తల్లిపాలు, ఒకాయన డెట్టాల్ కూడా పోసుకొచ్చాడు.

మాది కలిగిరి పక్కన పల్లెటూరు. చిన్నప్పుడు నాకు చెవిపోటు వస్తే మా అవ్వ ఇనప గరిటెలో నువ్వుల నూనె పోసి, నాలుగు వెల్లుల్లి రెబ్బలు చితక్కొట్టి వేసి, అవి నల్లబడేదాకా పొయ్యి మీద కాచేది. వేడి చూడటానికి తన ముంజేతి మీద ఒక చుక్క వేసుకునేది. ఆ ముంజెయ్యేమో అరవై ఏళ్ళు పొలం పని చేసిన చెయ్యి, దానికి గోరువెచ్చగా ఉన్నది నా చెవికి సలసలా కాగినట్టు ఉండేది. కేకలు పెట్టేవాణ్ణి. కానీ తర్వాత నొప్పి తగ్గేది, నిజంగానే తగ్గేది, అందుకే మా వీధిలో అందరికీ ఆమె వైద్యం మీద గురి. ఎందుకు తగ్గేదో నాకు మెడికల్ కాలేజీకి పోయాక తెలిసింది. జలుబు తర్వాత పిల్లలకు వచ్చే చెవిపోటు చాలామందిలో రెండు మూడు రోజుల్లో దానంతట అదే పోతుంది, నూనె పోసినా పోతుంది, పోయకపోయినా పోతుంది. పేరు మాత్రం వెల్లుల్లికి వచ్చింది.

సరే, ఒక పని చేద్దాం. అందరూ కుడిచేత్తో కుడి చెవి డొప్ప పట్టుకుని పైకీ వెనక్కీ లాగండి. గట్టిగా కాదు, అయ్యవారు మెలిపెట్టినట్టు కాదు, మామూలుగా. ఇప్పుడు చెవి రంధ్రానికి ముందర, చెంప వైపు, చిన్న బొడిపెలాగా ఉంటుంది చూడండి, దాన్ని లోపలికి నొక్కండి. నొప్పి లేదు కదా? ఇప్పుడు అదే వేలు ఆ బొడిపెకు ఇంకొంచెం ముందుకి పెట్టి నోరు తెరిచి మూయండి. వేలి కింద ఏదో కదులుతోంది, అది దవడ కీలు. చివరగా గుటక వేయండి. కొంతమందికి చెవిలో టిక్‌మని చిన్న శబ్దం వచ్చి ఉంటుంది.

లాగడం, నమలడం, మింగడం. చెవిపోటని ఎవరొచ్చినా నేను టార్చి తీయకముందు అడిగేది ఇదే, ఏం చేస్తే ఎక్కువవుతోంది అని. ‘సార్ ఊరికే పోటు సార్’ అంటారు మొదట. కాస్త ఆగి అడిగితే చెబుతారు, అటుపక్కకి తిరిగి పడుకోలేకపోతున్నా అనో, అన్నం నమలలేకపోతున్నా అనో. సగం జబ్బు అక్కడే తెలిసిపోతుంది.

డొప్ప లాగితే ప్రాణం పోతోందంటే జబ్బు బయటి చెవిలో ఉన్నట్టు. బయటి చెవి అంటే డొప్ప నుంచి కర్ణభేరి దాకా ఉండే సందు, పెద్దవాళ్ళకి ఇంచుమించు రెండున్నర సెంటీమీటర్లు. ఇందులో బయటి భాగంలోనే వెంట్రుకలూ గులిమి తయారుచేసే గ్రంథులూ ఉంటాయి. లోపలి భాగంలో చర్మం సిగరెట్ కాగితమంత పలచగా నేరుగా ఎముకకి అతుక్కుని ఉంటుంది, వాచడానికి కింద చోటే లేదు. అందుకే అక్కడ ఆవగింజంత సెగ్గడ్డ వచ్చినా పెద్ద మనిషి కూడా ఏడుస్తాడు.

ఈ చర్మానికి ఒక గుణం ఉంది, అది లోపలి నుంచి బయటికి మెల్లగా జరుగుతూ ఉంటుంది, గులిమిని కూడా తనతోపాటు మోసుకొచ్చి వాకిట్లో పడేస్తుంది. అంటే చెవి తనను తానే ఊడ్చుకుంటుంది. మనం పుల్ల పెట్టి, పిన్నీసు పెట్టి, బైకు తాళం పెట్టి, కోడి ఈక పెట్టి (ఈక వేసి తిప్పుకుంటూ కళ్ళు మూసుకునేవాళ్ళని మన అరుగుల మీద ఎంతమందిని చూడలేదు), వాకిట్లోకి వచ్చినదాన్ని మళ్ళీ నట్టింట్లోకి నెడతాం. ఇయర్ బడ్ కూడా అంతే, దూది చుట్టిన పుల్ల అది. గీరుకున్న చోట చిన్న గాయం, దాని మీద నీళ్ళు, దాంతో బ్యాక్టీరియా. మొదట దురద, తర్వాత నొప్పి, తర్వాత చెవి మూసుకుపోయినట్టు ఉండటం, ఈ వరస కనిపిస్తే అది దాదాపు ఇదే.

కార్తీక పౌర్ణమికి మైపాడు, తుమ్మలపెంట, కొత్తపట్నం బీచిల్లో సముద్ర స్నానాలు చేస్తారు కదా, ఆ తర్వాత వారం పది రోజులు నా దగ్గరికి వచ్చేవాళ్ళలో వీళ్ళే ఎక్కువ. రొయ్యల గుంటల్లో దిగే కుర్రాళ్ళకి ఏడాది పొడుగునా ఉంటుంది. దీనికి మందు చెవిలో వేసే చుక్కలే, చాలామందికి మాత్రలే అక్కర్లేదు. కానీ మనవాళ్ళకి మాత్ర రాయకపోతే డాక్టరు కిందే లెక్క కాదు.

ఇందులోనే బూజు ఒకటి. నవ్వకండి, ఊరగాయ జాడీలో పట్టినట్టే చెవిలోనూ బూజు పడుతుంది. తడిసిన న్యూస్‌పేపరు ముక్క లోపల కుక్కినట్టు కనిపిస్తుంది, దాని మీద నల్లటి చుక్కలు. నొప్పికంటే దురద ఎక్కువ, చెవి దిబ్బడ వేస్తుంది. మన కోస్తా ఉక్కపోత దానికి సరిగ్గా సరిపోయింది, ఆ పైన మనం పోసే నూనె. ఇక్కడ ఒక చిక్కుంది. మెడికల్ షాపులో చెవి చుక్కలు అని అడిగితే ఇచ్చేవాటిలో చాలావరకు యాంటీబయాటిక్, స్టెరాయిడ్ కలిపిన మందు ఉంటుంది. రెండు రోజులు దురద తగ్గినట్టు ఉంటుంది, వారానికి బూజు రెట్టింపు అవుతుంది. ఇంకొక చిక్కు, కర్ణభేరికి ముందే చిల్లు ఉందనుకోండి, కొన్ని రకాల చుక్కలు ఆ చిల్లులోంచి లోపలి చెవిలోకి పోయి వినికిడినే దెబ్బతీస్తాయి. చిల్లు ఉందో లేదో షాపు అబ్బాయికి కౌంటరు అవతల నుంచి తెలీదు. నేను చెవి చుక్కల గురించి ఇంత చాదస్తంగా ఎందుకు మాట్లాడతానో ఇప్పుడు అర్థమైందనుకుంటా.

షుగర్ ఉన్నవాళ్ళు కాస్త ఇటు వినండి. ఇది నా తప్పు గురించి.

ప్రాక్టీసు పెట్టిన కొత్తల్లో పొదిలి వైపు నుంచి ఒక పెద్దామె వచ్చింది, డెబ్బై దాటి ఉంటాయి. చెవిపోటు, కొంచెం చీము. చూశాను, బయటి చెవి ఇన్‌ఫెక్షన్, చుక్కలు రాశాను, పంపాను. వారానికి మళ్ళీ వచ్చింది. ‘రాత్రిళ్ళు నిద్రలేదు నాయనా, బుర్ర లోపల రంపంతో కోస్తున్నట్టుంది’ అంది. చెవి చూస్తే అంత నొప్పి ఉండాల్సిన వాపు లేదు. ముసలామె ఎక్కువ చేసి చెబుతోంది అనుకున్నాను. నొప్పి మాత్ర మార్చి పంపాను. షుగర్ ఉందా అని అడగలేదు. మూడో వారం కొడుకు తీసుకొచ్చాడు, అప్పటికి ఆ పక్క మూతి వంకర పోయింది, కన్ను మూతపడటం లేదు.

దాన్ని మాలిగ్నెంట్ ఒటైటిస్ ఎక్స్‌టర్నా అంటారు, 1968లో చాండ్లర్ అనే డాక్టరు పెట్టిన పేరు. పేరులో మాలిగ్నెంట్ అని కాన్సర్‌కి వాడే మాట ఉందిగానీ ఇది కాన్సర్ కాదు, కాన్సర్‌లాగా ఎముకలోకి పాకుతుందని ఆ పేరు. ఎక్కువగా సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా పని. షుగర్ అదుపులో లేని పెద్దవాళ్ళని పట్టుకుంటుంది, చెవి కింది నుంచి పుర్రె అడుగు ఎముకలోకి పోతుంది, ముఖాన్ని కదిపే నరం ఆ దారిలోనే ఉంటుంది. దీనికి వారాల తరబడి ఇంజెక్షన్లు, మాత్రలు పడాలి. ఆమె బతికింది. నవ్వితే మూతి ఒక పక్కకే పోయేది, అది చివరిదాకా అట్టాగే ఉండిపోయింది. అప్పటినుంచి చెవిపోటుతో ఎవరొచ్చినా ముందు షుగర్ అడుగుతాను, నొప్పి ఎక్కువ చేసి చెబుతున్నారని మాత్రం అనుకోను. చూసినదానికంటే నొప్పి ఎక్కువగా ఉందంటే మనం చూడనిది ఏదో ఉన్నట్టే.

ఇక కర్ణభేరి వెనక ఉండేది మధ్య చెవి. అక్కడ గాలి ఉంటుంది. ఆ గాలి గది నుంచి ముక్కు వెనక్కి ఒక సన్నటి గొట్టం ఉంటుంది, ఇందాక గుటక వేస్తే టిక్‌మంది చూశారూ, ఆ గొట్టం తెరుచుకున్న చప్పుడే అది. పెద్దవాళ్ళకి అది పొడుగ్గా, ఏటవాలుగా ఉంటుంది. పిల్లలకి పొట్టిగా, దాదాపు అడ్డంగా ఉంటుంది, ముక్కులో జలుబు సులువుగా చెవికి ఎక్కుతుంది. గొట్టం వాచి మూసుకుపోతుంది, లోపల నీరు చేరి చీము పడుతుంది, కర్ణభేరి వెనక నుంచి ఉబ్బుతుంది. పడుకుంటే ఎక్కువ, అందుకే రాత్రిపూటే ఏడుపు.

గుర్తుపట్టడం ఎట్టాగంటే, పిల్లాడికి నాలుగు రోజులు జలుబు, తగ్గుతోంది అనుకునేలోపు జ్వరం, రాత్రి ఉన్నట్టుండి చెవి పట్టుకుని ఏడుపు. ఇక్కడ డొప్ప లాగినా నొప్పి పెరగదు, అదే తేడా. మాటలు రాని పిల్లలైతే పాలు తాగబోయి వదిలేస్తారు, ఎత్తుకుంటే ఊరుకుంటారు, పడుకోబెడితే మళ్ళీ మొదలు. జ్వరమూ జలుబూ లేకుండా ఊరికే చెవి లాక్కుంటున్నాడంటే మాత్రం చాలాసార్లు అది అలవాటో పళ్ళు రావడమో అయి ఉంటుంది, దానికి హడావుడి వద్దు.

ఆ రాత్రికి ఏం చేయాలి? బరువుకి తగ్గ మోతాదులో పారాసిటమాల్ సిరప్ పోయండి, తల కాస్త ఎత్తులో పెట్టండి, ముక్కులో సెలైన్ చుక్కలు వేయండి. చెవిలో ఏమీ వద్దు. పొద్దున చూపించండి. అందరికీ యాంటీబయాటిక్ అక్కర్లేదు. ఆరు నెలల లోపు పిల్లలు, రెండేళ్ళ లోపువాళ్ళకి రెండు చెవులకీ వచ్చినప్పుడు, చీము కారుతున్నప్పుడు, జ్వరమూ నొప్పీ ఎక్కువగా ఉన్నప్పుడు ఇస్తాం. మిగతావాళ్ళని ఒకటి రెండు రోజులు కనిపెట్టి ఉండొచ్చు. ఈ మాట చెబితే కొందరు తల్లులు లేచిపోయి పక్క వీధిలో ఇంజెక్షన్ వేయించుకుని పోతారు. ఏం చేస్తాం.

ఒక్కోసారి తెల్లారుజామున నొప్పి ఒక్కసారిగా తగ్గిపోతుంది, దిండు మీద చీము మరక, కాస్త రక్తం. తల్లి హడలిపోయి వస్తుంది. కర్ణభేరి పగిలి లోపలి ఒత్తిడి తగ్గింది కాబట్టే నొప్పి తగ్గింది. ఆ చిల్లు చాలామందికి కొన్ని వారాల్లో పూడుకుపోతుంది, అప్పటిదాకా నీళ్ళు పోకుండా చూసుకోవాలి. వేజలీన్ రాసిన దూది పెట్టి తలకి పోయాలి. భయపడాల్సింది ఇంకొకటుంది, చెవి వెనక ఎముక మీద ఎర్రగా వాచి, డొప్ప ముందుకి తోసుకొచ్చి, ఒక చెవి ఎత్తుగా కనిపిస్తే అది పొద్దునదాకా ఆగే కేసు కాదు, అప్పుడే బండి ఎక్కించాలి.

పూడకుండా మిగిలిపోయిన చిల్లు ఉన్నవాళ్ళు మన పల్లెల్లో చాలామంది. ‘మావాడికి చిన్నప్పటి నుంచీ చెవి కారుతుంది సార్, అది మామూలే’ అంటారు. ఏళ్ళ తరబడి కారే చెవి మామూలుగా నొప్పి పెట్టదు. అందుకే చెబుతున్నా, అట్టాంటి చెవి ఎప్పుడైనా నొప్పి మొదలుపెట్టిందంటే, దానికి తోడు తలనొప్పో, కళ్ళు తిరగడమో, మూతి లాగడమో ఉందంటే లోపల ఎముకని ఏదో తింటోందని అర్థం. కారేది కొంచెమే అయినా కుళ్ళు వాసన వస్తే ఇంకా అనుమానించాలి. చర్మం దారి తప్పి లోపలికి పెరిగి ఎముకని అరగదీసే జబ్బు ఒకటుంది, ఆపరేషన్ తప్ప దానికి మందు లేదు.

ఒత్తిడి నొప్పి సంగతి చిన్నగా చెప్పి వదిలేస్తా. పది మీటర్ల లోతు నీళ్ళలో ఒత్తిడి బయట ఉన్నదానికి రెట్టింపు. అంత లోతు ఎందుకు, చిన్నప్పుడు మోటబావిలో పైసా వేసి దానికోసం మునిగేవాళ్ళం, రెండు నిలువుల లోతుకి పోయేసరికి చెవిలో సూది దిగినట్టు ఉండేది, అదే ఇది. విమానం దిగేటప్పుడూ అంతే. చెన్నై నుంచి గల్ఫ్‌కి పోయి వచ్చేవాళ్ళు మన ఇళ్ళలో ఉన్నారు కదా, జలుబుతో విమానం ఎక్కకుండా ఉంటే మంచిది, తప్పకపోతే దిగేటప్పుడు నిద్రపోవద్దని చెప్పండి, గుటకలు వేస్తూ ఉండాలి, చంటిబిడ్డకైతే ఆ టైములో పాలు పట్టాలి.

చెంపదెబ్బ కూడా ఒత్తిడే. అరచెయ్యి చెవి మీద సరిగ్గా మూతలాగా పడితే లోపలి గాలి ఒక్కసారిగా కర్ణభేరిని చీలుస్తుంది. ఠప్‌మని నొప్పి, గుయ్‌మని హోరు, ఒక చుక్క రక్తం. బడిపిల్లలు వస్తారు, ‘పడ్డాను సార్’ అంటారు. ఆడవాళ్ళు వస్తారు, తలుపు తగిలింది అంటారు. తలుపు తగిలితే కర్ణభేరి అట్టా చీలదమ్మా. పక్కనున్న మనిషిని కాసేపు బయట కూర్చోమంటాను, ఆ తర్వాత అడుగుతాను. వైద్యం చాలా సులువు, చెవి పొడిగా ఉంచుకుని చుక్కలేవీ వేయకుండా ఉంటే ఎక్కువమందికి అదే మూసుకుంటుంది. మిగతాది నా చేతిలో లేదు.

ఇప్పటిదాకా చెవి నొప్పికి చెవే కారణం. ఇక్కడి నుంచి చెవిది ఏ పాపమూ లేదు.

చెవికి స్పర్శ ఇచ్చే నరాలు ఒకటి కాదు. పుర్రెలోంచి వచ్చేవాటిలో ఐదోది, ఏడోది, తొమ్మిదోది, పదోది, మెడ నుంచి వచ్చే రెండు, ఇన్ని నరాల కొమ్మలు వచ్చి ఆ చిన్న చోట చేరతాయి. అవే నరాలు పళ్ళకీ, దవడకీ, నాలుకకీ, టాన్సిల్స్‌కీ, గొంతుకీ, పదోదైతే ఛాతీ, పొట్ట దాకా పోతాయి. ఎక్కడో దెబ్బ తగిలితే మెదడు చెవి పేరు రాసుకుంటుంది. మీలో కొందరికి చెవిలో పుల్ల పెడితే దగ్గు వస్తుంది, వస్తుందా లేదా? ఆ చెయ్యెత్తిన అన్నకి వస్తుందట. చెవికీ దగ్గుకీ సంబంధం ఏముంది? ఆ పదో నరమే సంబంధం. చెవిలో గెలికితే గొంతు దగ్గినప్పుడు, గొంతులో జబ్బుకి చెవి నొప్పి పుట్టడంలో వింతేముంది?

నమిలితే ఎక్కువయ్యేది దవడ కీలో పన్నో. కీలు అయితే పొద్దున లేవగానే దవడ బిగుసుకుపోయి ఉంటుంది, నోరు తెరిస్తే కటుక్కుమంటుంది, ఇందాక వేలు పెట్టిన చోట నొక్కితే నొప్పి. రాత్రి నిద్రలో పళ్ళు కొరికేవాళ్ళు, పరీక్షల టెన్షన్లో ఉన్న పిల్లలు, రోజంతా చూయింగ్ గమ్ నమిలే కుర్రాళ్ళు. మెత్తటి తిండి, వేడి కాపడం, కొన్నాళ్ళు చెరుకు గడలూ గట్టి మురుకులూ మానేస్తే చాలామందికి తగ్గిపోతుంది. పన్ను అయితే చాలావరకు కింది దవడ వెనక పళ్ళు, జ్ఞానదంతం. చల్లనీళ్ళు తాగితే చెవిలో జివ్వుమంటుంది. ఒకావిడకి పన్ను పీకిన రోజు సాయంత్రానికి మూడు నెలల చెవిపోటు పోయింది, పళ్ళ డాక్టరుకి చెవి వైద్యుడని పేరొచ్చింది.

మింగితే ఎక్కువయ్యేది గొంతు. టాన్సిల్స్ వాచినా అంతే, ఆపరేషన్ చేసి టాన్సిల్స్ తీశాక కూడా కొన్ని రోజులు పిల్లలు చెవులు పట్టుకుని ఏడుస్తారు, ముందే చెప్పకపోతే తల్లిదండ్రులు గొడవకొస్తారు.

నేను అసలు చెప్పడానికి వచ్చింది దీని గురించే. కొండపి వైపు నుంచి ఒకాయన వచ్చాడు, పొగాకు కాల్చే బ్యారన్ల దగ్గర పని, యాభై ఐదేళ్ళు ఉంటాయి. టేబుల్ మీద ప్లాస్టిక్ కవరు బోర్లించాడు. ఆరు చెవి చుక్కల సీసాలు, ఒకటి సగం, ఒకటి మూతే తీయలేదు. మూడు నెలలుగా కుడి చెవిపోటు, చూపించిన ప్రతిచోటా ఒక సీసా. చెవి చూశాను. కర్ణభేరి ముత్యపు చిప్ప లోపలి వైపులాగా మెరుస్తోంది, టార్చి వెలుగు పడేచోట ఒక చిన్న ముక్కోణం తళుక్కుమంటోంది, పుస్తకంలో బొమ్మ వేసుకోవచ్చు. అంత మంచి చెవి. అప్పుడు నాకు భయమేసింది. ‘మింగితే ఏమన్నా తెలుస్తోందా’ అంటే ‘కుడిపక్క ముల్లులాగా ఉంది, చేపముల్లేమో అనుకున్నా’ అన్నాడు. మెడ తడిమితే కుడిపక్క ఒక బిళ్ళ, గట్టిగా, గోలీకాయంత, నొప్పి లేదు. నోరు తెరిపించి, చేతికి గ్లవ్ వేసుకుని నాలుక మొదలు దాకా వేలు పోనిచ్చాను. రాయిలాగా తగిలింది. ముక్క పరీక్షకి పంపాం, కాన్సరే.

నాలుక మొదలు, టాన్సిల్, గొంతు కింద అన్నం దిగే సందులు, ఈ చోట్ల కాన్సర్ మొదట్లో గొంతు నొప్పిగా కూడా తెలియదు, ఒక్కోసారి చెవిపోటే మొదటి గుర్తు. ఒక పక్క చెవే నొప్పి, చెవి చూస్తే శుభ్రంగా ఉంది, మనిషి నలభై దాటాడు, చుట్టో బీడీయో ఖైనీయో గుట్కాయో అలవాటుంది, రెండు మూడు వారాలైనా తగ్గలేదు. ఇన్ని కలిశాయంటే గొంతు లోపలికి కెమెరా గొట్టం వేసి చూడకుండా ఆ మనిషిని ఇంటికి పంపకూడదు. మీరే అడగండి, ‘సార్, చెవి బాగుందంటున్నారు, మరి గొంతు చూస్తారా’ అని. డాక్టరు ఏమనుకుంటాడో అని మొహమాటపడొద్దు.

మనవి పొగాకు పండించే జిల్లాలు. నేను తప్పు పట్టేంత గొప్పవాణ్ణి కాదు, మా నాన్నకీ ఒక బ్యారన్ ఉండేది, నా ఫీజులు వేలం డబ్బుతోనే కట్టారు. ఆకు కాల్చే రోజుల్లో రాత్రంతా పొయ్యి కనిపెట్టుకుని ఉండాలి, నిద్ర ఆపుకోవడానికి నోట్లో ఏదో ఒకటి ఉండేది అందరికీ. ఆ కొండపి ఆయన రేడియేషన్ అయ్యాక ఇప్పటికీ చెకప్‌కి వస్తుంటాడు. మాట కొంచెం బొంగురు పోయింది. ఆ సీసాల కవరు నా దగ్గరే ఉంది, జూనియర్లకి చూపిస్తుంటాను.

ఇంకొకటి చెప్పి ప్రశ్నలకి వస్తా. చెవిలోనో డొప్ప మీదో చిన్న నీటి పొక్కులు, మంటతో కూడిన నొప్పి, అదే పక్క మూతి వంకర. అది చిన్నప్పుడు ఆటలమ్మ, అంటే చికెన్‌పాక్స్, పోసిన వైరస్సే, ఒంట్లో నరాల్లో దాక్కుని మళ్ళీ లేచింది. 1907లో రామ్సే హంట్ అనే డాక్టరు దీన్ని వివరించాడు కాబట్టి ఆయన పేరుతోనే పిలుస్తారు. 2022లో జస్టిన్ బీబర్ అనే పాటగాడికి వచ్చి ప్రోగ్రాములు ఆపుకున్నాడు, పిల్లలకి తెలిసే ఉంటుంది. మూడు రోజుల్లోపు మందు మొదలుపెడితే మూతి మామూలుగా అయ్యే అవకాశం ఎక్కువ. గాలి సోకిందని పసరు కట్టించుకుంటూ కూర్చుంటే ఆ మూడు రోజులూ దాటిపోతాయి.

ప్రశ్న: చెవిలో పురుగు దూరితే నూనె పోయకూడదా సార్?

అదొక్కటి పోయొచ్చమ్మా. (నవ్వులు) చెవికి ముందు నుంచీ చిల్లు, చీము లేకపోతే, ఆ చెవి పైకి వచ్చేలా పడుకోబెట్టి గోరువెచ్చటి కొబ్బరినూనె పోయండి, పురుగు చస్తుంది, గోల ఆగుతుంది, తర్వాత మేం తీస్తాం. టార్చి వేస్తే కొన్ని వెలుతురుకి బయటికి వస్తాయి, బొద్దింక మాత్రం ఇంకా లోపలికి పోతుంది, అది చీకటి మనిషి. పిల్లలు శనగగింజో చింతగింజో పెట్టుకుంటే నీళ్ళు పోయొద్దు, ఉబ్బి బిగుసుకుంటుంది. ఆటబొమ్మల్లో ఉండే బిళ్ళ బ్యాటరీ పెట్టుకున్నారనుకోండి, నూనె, నీళ్ళు, చుక్కలు ఏవీ వద్దు, గంటల్లోనే కాలుస్తుంది అది, అర్ధరాత్రయినా తీసుకురండి.

ప్రశ్న: గులిమి వల్ల నొప్పి రాదా?

మామూలుగా రాదు. తలస్నానం చేశాక అది తడిసి ఉబ్బితే దిబ్బడ వేసి లాగినట్టు ఉంటుంది. తీయించుకోండి, కానీ తిరనాళ్ళలో పెట్టె పట్టుకుని తిరిగేవాళ్ళ దగ్గర వద్దు.

ప్రశ్న (వెనక వరసలో ఒక పెద్దాయన): నాకు పన్ను నొప్పి లేదు, చీము లేదు, ఎడమ చెవి సంకటి మింగేటప్పుడు పొడుస్తా ఉంది, ఉగాదికి ముందు నుంచి. పెద్ద నొప్పి కూడా కాదు.

చుట్ట తాగుతారా?

(ఇదివరకు తాగేవాణ్ణి, ఇప్పుడు తగ్గించా అన్నారాయన.)

మీరు పోకండి. మిగతా ప్రశ్నలు ఎవరివైనా ఉంటే కాగితం మీద రాసి ఇవ్వండి, తర్వాత చెబుతాను. పెద్దాయనా, ఇట్టా ముందుకి వచ్చి కూర్చోండి, నా దగ్గర టార్చి ఉంది. ఎవరన్నా ఆ ఫ్యాను కట్టేసి, ఆ ట్యూబ్‌లైటు ఇటు తిప్పుతారా.